తొట్టి దిగని పాము

పొద్దున్న ఆరింటికి ఆ ఇంట్లో మూడు పనులు వరసగా జరిగేవి. అత్తగారు కిటికీ రెక్కలు తెరిచేది. ఆవిడ కొడుకు టీ పెట్టేవాడు. కోడలు పాము గిన్నెలో నీళ్ళు మార్చేది. మూడింటిలో ఏది ఆలస్యమైనా ఆ రోజంతా ఇంట్లో ఎవరో ఒకరు మూతి ముడుచుకుని తిరిగేవారు. ఎక్కువసార్లు అది పామే.

పాముకి మూతి ముడవడం ఏమిటని మీరు అడగొచ్చు. మీరు దొరసానిని చూడలేదు. మణికట్టంత లావు, మనిషి భుజం ఎత్తు పొడవు, గోధుమ రంగు ఒంటి మీద ముదురు మచ్చలు. విషం లేని చిన్నజాతి కొండచిలువ. ముందు గదిలో చెప్పుల స్టాండు పక్కన గాజు పెట్టెలో ఉండేది. ఆ ఇంటాయన లిఫ్టులు బాగుచేస్తాడు. ఒకసారి పాడైన లిఫ్టు తలుపు తెరిస్తే మూలన అట్టపెట్టె, పెట్టెలో ఇది. ఇల్లు ఖాళీ చేసిన వాళ్ళెవరో సామాన్లన్నీ దించుకుని దీన్ని వదిలేసి పోయారు. ప్రాణమున్న దాన్నీ పాత గొడుగునీ ఒకేలా మర్చిపోయే మనుషులుంటారు, వాళ్ళని ఏమనాలో నాకు ఇప్పటికీ మాట దొరకలేదు.

కోడలు ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ ఎక్స్‌రే అక్క. ఆవిడ గురించి ఒక మాట ముందే చెప్పాలి. చెయ్యి పట్టుకుని ఏడుస్తూ వచ్చినవాళ్ళు బల్ల మీద పడుకుని, "విరిగిందంటావా అమ్మా?" అని అడిగితే ఆవిడ ఎప్పుడూ ఒకటే జవాబు చెప్పేది: "ఫిల్మ్ రానివ్వండి." ఎముక వంకర బయటికే కనిపిస్తున్నా అదే మాట. పద్దెనిమిదేళ్ళ ఉద్యోగంలో ఫిల్మ్ చూడకుండా ఆవిడ నోరు విప్పిన పాపాన పోలేదు. ఆ సంగతి చెప్పుకునేటప్పుడు ఆవిడ గడ్డం కొంచెం పైకి లేచేది.

దొరసాని నెలన్నరకో రెండు నెలలకో కుబుసం విడిచేది. దాన్ని ఎక్స్‌రే అక్క జాగ్రత్తగా చుట్టి ఆస్పత్రికి తీసుకెళ్ళి, అన్నాలవేళ గది ఖాళీగా ఉన్నప్పుడు, ఫిల్ములు చూసే లైటుపెట్టె మీద పరిచేది. కిందటి కుబుసం విడిచిన నాటి నుంచి పాము చూసినదంతా అందులో బొమ్మలుగా ఉండేది. జానెడుకి ఒక వారం. తల వైపు పాత రోజులు, తోక వైపు కొత్తవి. మాటలు ఉండవు, బొమ్మలే. ఏ పాము కుబుసమైనా అంతే కాబట్టి ఎవరూ దాన్ని పెద్దగా పట్టించుకునేవారు కాదు. అత్తగారి కళ్ళజోడు ఫ్రిజ్ వెనక్కి ఎలా పోయిందో, పెద్ద కప్పు పగలగొట్టి పిల్లి మీదకి తోసిందెవరో అందులో తేలేది. పక్కింటావిడ తాళంచెవి పోగొట్టుకుంటే గుమ్మంలో నిలబడి, "మీ దొరసాని ఎప్పుడు విడుస్తుందమ్మా?" అని అడిగి వెళ్ళేది. చూడడం అయ్యాక కుబుసాన్ని అట్టగొట్టంలో పెట్టి, తేదీ రాసి, అలమార మీద పడేసేవారు.

ఒక్కటే షరతు. కుబుసం ముక్కలవకుండా రావాలి, కళ్ళ మీది పొరతో సహా రావాలి. పాముకి రెప్పలుండవు, చేతి గడియారం అద్దంలా కంటి మీద ఒక పొర ఉంటుంది. ఆ పొర ఊడి రాకుండా కంటికే అతుక్కుపోతే, ఎంత లైటు వేసి చూసినా కుబుసం ఉల్లిపొరే, ఇంకేం కాదు.

ఆ ఏడు అత్తగారికి కంట్లో శుక్లాలు ముదిరాయి. ఆపరేషను పక్క ఊళ్ళో. పది రోజులు ముగ్గురూ అక్కడే ఉండాలి. పామునేం చెయ్యాలి? బజారు చివర పెంపుడు జంతువుల షాపుంది. చేపలు, పిట్టలు, కుందేళ్ళు, నాలుగు పాములు. ఊరెళ్ళేవాళ్ళు తమ జంతువుల్ని అక్కడే అప్పజెప్పి వెళ్ళేవారు. షాపాయన ప్రతి మాట చివరా గ్యారంటీ అంటాడు కాబట్టి జనం ఆయన పేరు మర్చిపోయి గ్యారంటీ అనే పిలిచేవారు. షాపు అద్దంలా ఉండేది. అందులో పాములు విడిచిన కుబుసాల్ని ఏ రోజువి ఆ రోజే వెనక పెరట్లో తగలబెట్టించేవాడు. శుభ్రత కోసమట. ఆ శుభ్రత చూసే ఎక్స్‌రే అక్కకి నమ్మకం కుదిరింది.

"కంటికి రెప్పలా చూసుకుంటాను మేడమ్. గ్యారంటీ!" అన్నాడాయన.

రెప్పలు లేని జంతువు గురించి ఆ మాట అన్నాడని అప్పుడు ఎవరికీ తట్టలేదు.

వెళ్ళే ముందురోజే దొరసాని పాత కుబుసం విడిచింది. కొత్త ఒంటితో నిగనిగలాడుతూ షాపుకి వెళ్ళింది. పది రోజుల తర్వాత తీసుకురావడానికి ఎక్స్‌రే అక్క వెళ్ళినప్పుడు గ్యారంటీ కౌంటరు దగ్గర ఎవరికో చిలకని అంటగడుతున్నాడు. పెట్టె తెచ్చి ఇచ్చింది వెనక తొట్లు కడిగే ఆవిడ. ఆవిడని అందరూ తొట్లమ్మ అనేవారు. యాభై దాటిన మనిషి, మోచేతుల దాకా నీళ్ళలో నానీ నానీ చర్మం తెల్లబడిపోయింది. పెట్టె చేతికిస్తూ, గొంతు తగ్గించి, "అమ్మా, ఇంటికెళ్ళాక రోజూ నీళ్ళ గిన్నె అడుగు చూస్తూ ఉండండి," అంది.

ఎక్స్‌రే అక్కకి వినపడింది. బయట ఆటోలో కంటికి కట్టుతో అత్తగారు ఎదురుచూస్తోంది. "సరే సరే," అని వచ్చేసింది. పాము గిన్నె కడగడం తనకి తెలియదా? ఆ మాట ఆవిడ చెవిన పడింది, అక్కడే ఆగిపోయింది.

ఇంటికొచ్చిన మూడో రోజు నుంచి దొరసాని నీళ్ళ గిన్నెలోకి దిగడం మొదలుపెట్టింది. ఒంటిని బలవంతంగా చుట్టలు చుట్టి ఆ చిన్న గాజు గిన్నెలో కుక్కుకునేది, సగం నీళ్ళు బయటికి పొర్లిపోయేవి. ముందు గంట. తర్వాత పూట. తర్వాత రోజంతా. ముక్కు మాత్రం పైకి పెట్టి, కళ్ళు నీళ్ళలో ముంచి, కదలకుండా ఉండిపోయేది.

చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది, ఇంటిల్లిపాదీ మురిసిపోయారు.

"స్నానాల పిచ్చి పట్టిందే దీనికి!" అన్నాడు లిఫ్టుల ఆయన.

"చూసి నేర్చుకోరా," అంది అత్తగారు, ఒంటికన్నుతో కొడుకుని చూస్తూ. "పాముపాటి శుభ్రం లేదు నీకు."

ఫొటోలు తీశారు. పక్కింటావిడని పిలిచి చూపించారు. ఆవిడ తన మొగుణ్ణి పిలిచి చూపించి నాలుగు చివాట్లు పెట్టింది. గిన్నె ఇరుకైపోతోందని, పాపం, ఎక్స్‌రే అక్కే బజారుకెళ్ళి ముదురు నీలం రంగు ప్లాస్టిక్ తొట్టి కొని తెచ్చింది. దానికి అడుగు కనబడదు. పాము అందులోకి పాకి ఒళ్ళంతా ముంచుకుంటే ముగ్గురూ చుట్టూ కూర్చుని నవ్వుకున్నారు. తిండి మానేసింది, అదీ చూశారు. ఎండలు కదా, వేడి చేసి ఉంటుందనుకున్నారు. రెండు వారాలు. ప్రాణం మీదికొచ్చి నీళ్ళలో దాక్కున్న జంతువుని చుట్టూ చేరి రెండు వారాలు మెచ్చుకున్నారు.

అత్తగారి కట్టు విప్పిన రోజు సాయంత్రం ఆవిడ కొత్త కంటితో ఇల్లంతా తిరిగి చూసుకుంది. గోడ మీద మరకలు, కోడలి నెత్తిన తెల్ల వెంట్రుకలు, అన్నీ ఒక్కొక్కటే లెక్కబెట్టి బయటికి చెప్పింది. చివరికి తొట్టి దగ్గరికొచ్చి వంగింది.

"అమ్మాయ్, దీని మొహాన నువ్వులెవరు చల్లారు?"

"నువ్వులేంటి అత్తయ్యా, దాని మచ్చలు."

"మచ్చలు నడుస్తాయా?"

ఎక్స్‌రే అక్క వంగింది. కంటి చుట్టూ, పెదవి కింద గుంటల్లో, గడ్డం మడతలో, నల్లటి చుక్కలు. గసగసాలంత. నడుస్తున్నాయి. పొలుసు అంచు కింద నుంచి ఒకటి బయటికొచ్చి ఇంకో పొలుసు కిందికి దూరింది. తొట్టి ఎత్తి నీళ్ళు తెల్ల బేసిన్లో వంపితే అడుగున చారెడు నల్లటి మడ్డి దిగింది. అన్నీ అవే. మునిగి చచ్చినవి.

 ఎక్స్‌రే అక్క పాముని పెట్టెలో పెట్టుకుని, ఇంటి చెప్పులతోనే షాపుకి నడిచింది.

షాపు నిండా జనం. పెట్టె కౌంటరు మీద పెట్టి మూత తీసింది. "ఏంటండీ ఇది? పది రోజులు మీ దగ్గర పెడితే ఏం అంటించి పంపారు?"

గ్యారంటీ ఒక్కసారి లోపలికి చూశాడు. "ఇవి నల్లులు మేడమ్. మీ ఇంట్లోవి. మా షాపులో ఉండే ప్రసక్తే లేదు, గ్యారంటీ."

"కుబుసం రానివ్వండి, ఎవరింట్లోవో తేలుతుంది!"

ఆయన ఈసారి పాము కళ్ళ వంక చూశాడు. చుట్టూ నల్లటి కాటుక పెట్టినట్టు పేరుకుని ఉన్నాయి. నెమ్మదిగా నవ్వాడు. "ఈ కళ్ళతోనా? ముక్కలుముక్కలుగా ఊడుతుంది మేడమ్. రానివ్వండి, చూద్దాం."

ఈలోగా చేపలకి మేత కొంటున్న ఒకాయన రెండడుగులు వెనక్కి వేశాడు. కుందేలుని ఒళ్ళో పెట్టుకున్నావిడ దాన్ని తిరిగి బోనులో పెట్టేసింది. గ్యారంటీ అది గమనించాడు. వెంటనే గొంతు మార్చాడు. "అయినా దాచేదేముంది, తొట్లు కడిగే మనిషి ఒళ్ళు దాచుకుంటే ఇలాగే అవుతుంది. ఏయ్, ఇలా రా!"

తొట్లమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. పెట్టెలో పాముని చూడగానే ఆవిడ మొహం వాడిపోయింది. "అయ్యో, ఇంతయిందా? అమ్మా, నేను ఆ రోజే..."

"నువ్వు మాట్లాడకు!" అంది ఎక్స్‌రే అక్క. "నీ చేతులు చూపించు."

తొట్లమ్మ చూపించింది. గోళ్ళ కింద నల్లటి చుక్కలు ఇరుక్కుని ఉన్నాయి. ఇంకేం కావాలి? అంతమంది ముందు, గొంతు చించుకుని, ఎక్స్‌రే అక్క ఆవిడని తిట్టింది. నీకు మనసుందా అంది. ఆ మురికి చేతులతో మూగజీవాన్ని ముట్టుకుంటావా అంది. తిండి దండగ మనిషివంది. అనాల్సినవీ అనకూడనివీ అన్నీ అనేసింది. తొట్లమ్మ పెట్టెలోకే చూస్తూ నిలబడింది. గ్యారంటీ కడిగిన ముత్యంలా పక్కన నిలబడి, "రేపట్నుంచి పనిలోకి రాకు," అన్నాడు తొట్లమ్మతో, జనానికి వినపడేలా.

పద్దెనిమిదేళ్ళు ఫిల్మ్ రానివ్వండి అన్న మనిషి, ఆ రోజు గోళ్ళు చూసి తీర్పు చెప్పేసింది.

అక్కడి నుంచి జంతువుల డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన భూతద్దం పెట్టి చూసి నిట్టూర్చాడు. "పాము నల్లులు. మంచాల్లో ఉండే నల్లి కాదు, పాము నెత్తురు తాగే రకం. వీటిని వదిలించుకోలేకే నీళ్ళలో కూర్చుంది ఇది. ఎన్నాళ్ళ నుంచి?"

"రెండు వారాలు."

"రెండు వారాలా? మీరేం చేస్తున్నారు?"

ఎక్స్‌రే అక్క పెట్టె అంచు సర్దింది. ఫొటోలు తీశామని ఎలా చెబుతుంది?

పొట్ట కింద పొలుసులు నాని ఎర్రబడ్డాయి, అక్కడక్కడా పొక్కులు లేచాయి. ఇంకో వారం నానితే కుళ్ళేదన్నాడు. అప్పటికే నెత్తురు తగ్గి బాగా నీరసించిందన్నాడు. చెయ్యాల్సినవన్నీ వరసగా చెప్పాడు. పెట్టెలో ఉన్న చెక్కముక్కలూ పొట్టూ అంతా సంచిలో కట్టి పారెయ్యాలి. గాజుపెట్టెని మరిగే నీళ్ళతో మూలమూలా కడగాలి. అడుగున తెల్ల కాగితం పరవాలి, నల్లి నడిస్తే తెలిసేలా. తొట్టి తీసెయ్యాలి, తాగడానికి నీళ్ళు రోజూ కాసేపు తనే పట్టాలి. గోరువెచ్చటి నీళ్ళ స్నానం పది నిమిషాలు, దగ్గరుండి. తర్వాత ఆయన కలిపిచ్చిన మందు, కళ్ళూ నోరూ తప్పించి ఒళ్ళంతా. కళ్ళ చుట్టూ మాత్రం తడి దూదితో, ఒక్కొక్కటీ.

"ఒక్కసారితో పోవు. గుడ్లు ఎక్కడో సందుల్లో ఉంటాయి, అవి పొదిగాక మళ్ళీ మొదలు. నెల రోజులు ఓపిక పట్టాలి." చేతులు కడుక్కుంటూ అన్నాడు, "మా దగ్గర ఇలాంటి పనికి మనిషి లేదమ్మా. ఆ బజారు షాపులో చేసే ఒకావిడ వచ్చే నెల నుంచి చేరాల్సింది, పాముల్తో బాగా అలవాటున్న మనిషి అన్నారు. ఇందాకే షాపు నుంచి ఫోనొచ్చింది, నల్లులు అంటించేది ఆవిడేనట."

"అవును డాక్టరుగారూ, నేనూ చూశాను. గోళ్ళ నిండా అవే," అంది ఎక్స్‌రే అక్క.

"అయితే వద్దని చెప్పేస్తాను," అన్నాడాయన.

ఆ మాట అనేసి, మందు సీసా తీసుకుని, న్యాయం జరిపించినట్టు తలెత్తుకుని ఇంటికి వచ్చింది.

నెల రోజులు ఆ ఇంట్లో పాము తప్ప ఇంకో ధ్యాస లేదు. లిఫ్టుల ఆయన గాజుపెట్టె సందులన్నీ విప్పి మరిగే నీళ్ళు పోసి చేతులు కాల్చుకున్నాడు. అత్తగారు కొత్త కన్నుని తెల్ల కాగితం మీద కాపలా పెట్టింది. చుక్క కదిలితే చాలు, "అదుగో!" అని కేక. కళ్ళ చుట్టూ నల్లుల్ని తడి దూదితో తీసే పని ఎక్స్‌రే అక్కది. అది అనుకున్నంత తేలిక కాదు. పాము తల తిప్పేస్తుంది. దూది గట్టిగా తగిలితే పొర గీసుకుపోతుంది. చివరికి వేలి గోరుతో, ఊపిరి బిగబట్టి, ఒక్కొక్కటే తీయడం అలవాటు చేసుకుంది. మొదటి వారానికే ఆవిడ గోళ్ళ కింద నల్లటి చుక్కలు చేరాయి. ఎంత తోమినా పోలేదు. ఆస్పత్రిలో చెయ్యి జేబులో పెట్టుకుని తిరిగింది. జేబులో వేళ్ళకి ఏదో గుచ్చుకుంటున్నట్టు ఉండేది, ఏమిటో పైకి అనుకోవడానికి ధైర్యం చాలలేదు.

నాలుగో వారం దొరసాని కళ్ళు పాలు పోసినట్టు తెల్లబడ్డాయి. కుబుసం వచ్చే వేళైంది. ఒక ఉదయం టీ గిన్నె పొయ్యి మీద ఉండగా, పెట్టెలోని రాయికి మూతి రాసి రాసి, మేజోడు విప్పినట్టు తల దగ్గర నుంచి ఒళ్ళంతా విడిచేసింది. ఎక్స్‌రే అక్క దాని తల వైపు పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. రెండు చిన్న గుండ్రటి పొరలు. కుడిదీ, ఎడమదీ. రెండూ ఉన్నాయి.

"ఇప్పుడు చూపిస్తాను ఆ గ్యారంటీకి, ఆ తొట్లమ్మకీ," అంది.

మధ్యాహ్నం లైటుపెట్టె మీద పరిచి స్విచ్చి వేసింది.

మొదటి జానెడులో షాపు వెనక గది. గ్యారంటీ చేతిలో ఇంకో పాము, ఎముకల గూడు, దాని ఒళ్ళంతా చుక్కలే. అప్పుడే ఎక్కడి నుంచో వచ్చినట్టుంది, పెట్టెలు ఖాళీ లేవు. దొరసాని పెట్టె మూత తీశాడు. తొట్లమ్మ అడ్డం వచ్చి చెయ్యి పట్టుకుంది, చుక్కల్ని చూపించింది, వేరే తొట్టి తెచ్చి చూపించింది. ఆయన ఆవిడ చేతిని తోసేసి, ఆ పాముని దీని పెట్టెలోనే పడేసి మూత వేశాడు. తర్వాతి బొమ్మలో తొట్లమ్మ ఆ పాముని తీసి బయట పెడుతోంది. తర్వాతి దాంట్లో ఆయన మళ్ళీ పెడుతున్నాడు, వేలు చూపించి అరుస్తున్నాడు.

అక్కణ్ణుంచి పది రోజులూ తొట్లమ్మ మొహమే. దగ్గరగా, పెద్దగా, నొసలు ముడిచి, ఊపిరి బిగబట్టి. వేలి గోరుతో కంటి అంచు నుంచి ఒక్కొక్కటే తీస్తోంది. గోళ్ళ కింద నల్లటి చుక్కలు.

ఎక్స్‌రే అక్క తన చేతుల వంక చూసుకుంది.

రెండో జానెడు సగం నుంచి ఇల్లు. నీలం తొట్టి అంచు మీద నుంచి మూడు మొహాలు నవ్వుతున్నాయి. నవ్వుతూనే ఉన్నాయి. ఒక జానెడుకి పైగా నవ్వులే. తర్వాత అత్తగారి కన్ను. తర్వాత షాపు కౌంటరు. అందులో తన నోరు. మొహం కనబడనంత పెద్దగా తెరుచుకుని, పళ్ళన్నీ బయటపెట్టి. పక్కన తొట్లమ్మ. ఆవిడ చూపు నేరుగా పాము కళ్ళలోకి ఉంది.

ఎముకల డాక్టరు లోపలికొచ్చి లైటుపెట్టె వంక చూశాడు. "ఎవరిది?"

"మా పాముది సార్."

"విరిగిందా ఎక్కడైనా?"

"నేనే విరగ్గొట్టాను సార్," అంది ఆవిడ. ఆయన తన ఫిల్ము వెతుక్కుని వెళ్ళిపోయాడు.

మిగిలిన పూట సెలవు పెట్టి ముందు జంతువుల డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన లైటు మీద కుబుసం పరిచి మొదటి రెండు జానలు చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మీరే కదమ్మా, చూశానన్నది?"

"చూశానన్నాను. చూడలేదు."

"ఆవిడ నంబరు ఉంది నా దగ్గర," అని ఫోను తీశాడు.

సాయంత్రం షాపుకి వెళ్ళింది. గుమ్మంలోనే చేపల పెద్ద తొట్టి, మనిషి ఎత్తు, లోపల తెల్లటి లైటు. ఎవర్నీ అడగకుండా కుబుసాన్ని ఆ గాజు మీద అడ్డంగా తడి చేత్తో అతికించడం మొదలుపెట్టింది. జనం మూగారు. అందరికీ కుబుసం చూడడం తెలిసిందే కదా, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేకపోయింది.

"మేడమ్, ఇది పద్ధతి కాదు," అన్నాడు గ్యారంటీ పరిగెత్తుకొచ్చి. "అది మీ పాము చూపు. దానికి ఏం తెలుసు?"

"మీరు చూద్దామన్నారు కదండీ. చూడండి."

మొదటి జానెడు దగ్గర ఒక ముసలాయన వంగి చూసి, లేచి, గ్యారంటీ మొహం చూశాడు. "నువ్వేగా ఇది?" అన్నాడు. ఇంకెవరో వెనక నుంచి అడిగారు, "మా పాముని వేసవంతా నీ దగ్గరే పెట్టాంగా. దాని కుబుసం ఏదయ్యా?" ఇంకో గొంతు అందుకుంది. "మాదేది?" శుభ్రత కోసం తగలబెట్టించానని ఆయన గొణిగాడు. ఎవరూ నవ్వలేదు. కుందేలు బోనులు, పిట్టల పంజరాలు ఒక్కొక్కటే చేతులు మారడం మొదలైంది, ఎవరివి వాళ్ళు తీసుకుని వెళ్ళిపోతున్నారు.

అక్కడితో ఆపి కుబుసం చుట్టేయొచ్చు. చాలామంది అంతే చేస్తారు, ఎదుటివాడి తప్పు దాకా విప్పి తమ తప్పు దగ్గర చుట్టేస్తారు. ఎక్స్‌రే అక్క చేతిలో ఇంకా అయిదు జానలకి పైగా మిగిలింది. చెయ్యి మళ్ళీ తడుపుకుంది. తర్వాత అదీ అతికించింది. నీలం తొట్టి చుట్టూ నవ్వులు. తన నోరు. తోక చివరిదాకా.

జనం అదీ చూశారు. "ఈవిడేనా ఇది?" అని ఒకావిడ అడిగింది.

"నేనే," అంది ఎక్స్‌రే అక్క.

మూడు రోజుల తర్వాత దొరసానిని ఆఖరిసారి చూపించడానికి డాక్టరు దగ్గరికి వెళ్తే, లోపల బల్ల దగ్గర తెల్ల కోటు వేసుకుని తొట్లమ్మ నిలబడి ఉంది. కోటు కొంచెం వదులు. కోటు చేతులు పైకి మడిచింది. మోచేతుల దాకా అదే నానిన చర్మం.

"మిమ్మల్ని అనరాని మాటలన్నాను," అంది ఎక్స్‌రే అక్క. "తప్పు నాది. మీ ఉద్యోగం పోయింది, ఈ ఉద్యోగం కూడా నా నోటితోనే..."

తొట్లమ్మ పెట్టె మూత తీసి దొరసానిని రెండు చేతుల మీదికి తీసుకుంది. పాము ఆవిడ మణికట్టుకి చుట్టుకుని తల ఎత్తింది. దాని పొట్ట తిప్పి చూసింది ఆవిడ. మానిన పొక్కుల మచ్చల మీద వేలు ఆనించింది. అప్పుడు కోపం వచ్చింది ఆవిడకి.

"నన్నన్నారు, సరే. నేను మనిషిని, ఎక్కడికో పోతాను, ఏదో చేసుకుంటాను. నీళ్ళ గిన్నె అడుగు చూడమని చెప్పానా లేదా? పది రోజులు నా కళ్ళు పోగొట్టుకుని దీని కళ్ళు కాపాడాను. ఆయనకి వినపడకుండా మీకొక్కరికే చెప్పాను. మీరేం చేశారు? దీన్ని నానబెట్టుకుని నవ్వుకుంటూ కూర్చున్నారు! రెండు వారాలు! నోరు లేనిది ఇంకెలా చెబుతుంది మీకు?"

 ఎక్స్‌రే అక్క కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు. డాక్టరు పక్కగదిలో ఏదో వెతుకుతున్నట్టు నటించాడు.

తొట్లమ్మ పాముని తిరిగి పెట్టెలో పెట్టి, మూత వేసి, పెట్టె చేతికిచ్చింది. షాపులో ఇచ్చినట్టే ఇచ్చింది. "రోజూ గిన్నె అడుగు చూస్తూ ఉండండి," అంది. ఈసారి గొంతు తగ్గించలేదు.

నీలం తొట్టి ఇప్పుడు ఆ ఇంటి పెరట్లో బట్టలు నానబెట్టడానికి వాడుతున్నారు. దొరసానికి పాత గాజు గిన్నే పెట్టారు, అందులో దిగడం దానంతట అదే మానేసింది. నెలన్నర తిరిగి కొత్త కుబుసం వచ్చినప్పుడు దాన్ని లైటుపెట్టె మీద పరిచింది తొట్లమ్మే. ఆ వేళకి అన్నం డబ్బా పట్టుకుని ఎక్స్‌రే గదికి రావడం ఆవిడకి అలవాటైంది. ఇద్దరూ వంగి చూశారు. అందులో వింతేమీ లేదు. అత్తగారు కిటికీ తెరుస్తోంది, కొడుకు టీ వడపోస్తున్నాడు. అయితే ప్రతి రోజుకీ మొదటి బొమ్మ ఒకటే. వెలుతురుకేసి ఎత్తి పట్టిన గాజు గిన్నె, దాని అడుగు వెనక ఎక్స్‌రే అక్క కన్ను, గిన్నె అంత పెద్దగా.